తిరుపతి మీద సున్నా డిగ్రీలు ఎంత ఎత్తులో ఉందో మనమే చూసుకోవడం ఎలా

మే నెల మధ్యాహ్నం తిరుపతిలో 40 దాటిన ఎండలో నిలబడి ఉన్నా సరే, మన నెత్తి మీద నిట్టనిలువుగా 5 కిలోమీటర్లు పైకి పోతే అక్కడ సున్నా డిగ్రీలే. ఆ ఎత్తునే ఫ్రీజింగ్ లెవెల్ అంటారు. మన సైడు ఏడాదంతా దాదాపు 4.5 నుంచి 5.5 కిలోమీటర్ల మధ్యలో ఉంటుంది. దీన్ని కనుక్కోడానికి ఫోన్ ఉంటే చాలు, కాకపోతే ఏ నంబర్‌ని ఎంతవరకు నమ్మాలో తెలిసుండాలి.

ముందు నోటి లెక్క. పైకి పోయే కొద్దీ సగటున కిలోమీటరుకి 6.5 డిగ్రీలు తగ్గుతుంది, తిరుమల కొండెక్కితే చల్లగా అనిపించేది కూడా ఇందుకే. సాయంత్రం వాన పడి 30 డిగ్రీలకి దిగిందనుకోండి, 30ని 6.5తో భాగిస్తే 4.6, ఊరు సముద్రమట్టానికి 150 మీటర్ల పైనే ఉంది కాబట్టి అదీ కలిపితే 4.8 కిలోమీటర్ల దగ్గర. బాగానే కుదురుతుంది. కానీ ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం ఈ లెక్క వేయొద్దు, 42ని 6.5తో భాగిస్తే ఆరున్నర కిలోమీటర్లు వస్తుంది, అది తప్పు, ఎందుకంటే కాలిన నేల మీద గాలి కిందికీ పైకీ తిరగబడతా ఉంటే ఆ కింది పొరలో కిలోమీటరుకి 10 డిగ్రీల దాకా పడిపోతుంది.

అసలైన కొలత బెలూన్‌ది. చెన్నై మీనంబాక్కంలో ఐఎండీ (భారత వాతావరణ శాఖ) వాళ్ళు పొద్దున ఐదున్నర, సాయంత్రం ఐదున్నర లెక్కకి బెలూన్ వదుల్తారు, దాని కింద వేలాడే చిన్న పెట్టెని రేడియోసోండ్ అంటారు, అది సెకనుకి 5 మీటర్లు ఎక్కుతా టెంపరేచర్, తేమ, ప్రెజర్ కిందికి పంపుతా ఉంటుంది, సున్నా డిగ్రీలు తగిలేసరికి పావుగంట దాటుతుంది. ఆ డేటా అందరికీ ఫ్రీనే. అమెరికాలోని వయోమింగ్ యూనివర్సిటీ వాళ్ళ సౌండింగ్ (బెలూన్ కొలతల) పేజీలో స్టేషన్ నంబర్ 43279 పెట్టి టెక్స్ట్ లిస్ట్ తీయండి, టెంపరేచర్ కాలమ్‌లో ప్లస్ పోయి మైనస్ వచ్చే చోటు వెతకండి. ఉదాహరణకి 4,430 మీటర్ల దగ్గర 3 డిగ్రీలు, 5,870 దగ్గర మైనస్ 6 అని ఉంటే, 1,440 మీటర్లలో 9 డిగ్రీలు తగ్గింది, అంటే డిగ్రీకి 160 మీటర్లు, మూడు డిగ్రీలకి 480, కాబట్టి ఫ్రీజింగ్ లెవెల్ 4,910 మీటర్లు. ఇంతే.

విండీ అనే వాతావరణం యాప్‌లో ఫ్రీజింగ్ ఆల్టిట్యూడ్ లేయర్ పెడితే తిరుపతి మీదే నంబర్ చూపిస్తుంది, కానీ అది కంప్యూటర్ మోడల్ లెక్కేసి చెప్పేది, ఎవరూ పైకి పోయి కొలిచింది కాదు, అందుకే నేనైతే బెలూన్ నంబర్‌తో పోల్చకుండా దాన్ని వాడను.

ఇక నాకు చాలా ఇష్టమైన పద్ధతి రాడార్‌ది. నవంబర్‌లో వాయుగుండం వచ్చి ముసురు పట్టినప్పుడు మన మీద పడే వానలో ఎక్కువ భాగం పైన మంచుగానే మొదలవుతుంది, నిజం, తిరుపతి వాన కూడా. ఆ మంచు తుంపులు సెకనుకి ఒకటి రెండు మీటర్ల స్పీడుతో మెల్లగా దిగతా సున్నా డిగ్రీల గీత దాటగానే పైపైన కరిగి నీటి పొర పట్టుకుంటాయి, ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. నీళ్ళు మంచు కంటే రాడార్ తరంగాల్ని చాలా బాగా వెనక్కి కొడతాయి కాబట్టి రాడార్‌కి అవి బ్రహ్మాండమైన చినుకుల్లాగా కనిపిస్తాయి. ఇంకొంచెం దిగితే పూర్తిగా కరిగి చిన్న చుక్కలై సెకనుకి 6, 7 మీటర్ల స్పీడు అందుకుంటాయి, ఒకదానికొకటి దూరమవుతాయి, సిగ్నల్ మళ్ళీ తగ్గిపోతుంది. అట్లా ఫ్రీజింగ్ లెవెల్‌కి కొన్ని వందల మీటర్ల కింద మెరిసే పట్టీ ఒకటి ఏర్పడుతుంది, బ్రైట్ బ్యాండ్ అనేది దీన్నే.

దీన్ని చూడాలంటే ఐఎండీ సైట్‌లో చెన్నై రాడార్ మ్యాక్స్ జెడ్ బొమ్మ (ఎక్కడ సిగ్నల్ ఎంత గట్టిగా వెనక్కి వచ్చిందో చూపించేది) తెరవండి, పైనా పక్కనా ఉండే సన్నటి పట్టీల్లో ఎత్తు చూపిస్తారు, ముసురు రోజు అక్కడ 5 కిలోమీటర్లకి కాస్త కింద అడ్డంగా గట్టి రంగు కనబడుతుందేమో చూడండి. రాడార్‌కి దగ్గర్లోనే వెతకండి, ఎందుకంటే కిరణం వెడల్పు ఒక డిగ్రీ అనుకున్నా 115 కిలోమీటర్ల దూరంలో అది 2 కిలోమీటర్ల మందం అయిపోతుంది, మన ఊరు వచ్చేసరికి పట్టీ చెరిగిపోతుంది. ఉరుముల వానలో కూడా వెతకొద్దు, అక్కడ గాలి అన్నిటినీ పైకీ కిందికీ కలిపేస్తుంది, పట్టీ నిలబడదు.

ఈ పని బాగా చేసే చోటు మన దగ్గరే ఉంది, గాదంకిలో. టోల్‌గేట్ దాటేటప్పుడు చాలామందికి తెలియదు గానీ అక్కడి నేషనల్ అట్మాస్ఫెరిక్ రీసెర్చ్ లేబొరేటరీలో పై గాలి పొరల్ని చూసే 1024 యాంటెన్నాల ఎంఎస్‌టీ రాడార్ ఉంది, దాంతో పాటు నేరుగా నెత్తి మీదికే చూసే విండ్ ప్రొఫైలర్లు (ఎత్తుని బట్టి గాలి కదలికని కొలిచే రాడార్లు) కూడా ఉన్నాయి. నిలువుగా చూస్తే చినుకు ఏ ఎత్తులో ఉన్నట్టుండి స్పీడు అందుకుందో తెలుస్తుంది, ఆ చోటే మంచు నీళ్ళయ్యే పొర.

మామిడి తోటలున్న వాళ్ళు ఏప్రిల్, మే నెలల్లో వడగండ్ల కోసం ఇంకొకటి కూడా చూడాలి. బెలూన్ లిస్ట్‌లో డ్యూపాయింట్ (గాలిని ఎంత చల్లబరిస్తే అందులోని తేమ నీళ్ళవుతుందో ఆ నంబర్) అసలు టెంపరేచర్‌కి చాలా దూరంగా ఉందంటే మధ్య పొరలో గాలి పొడిగా ఉందని, అట్లాంటి గాలిలో పడే మంచుగడ్డ మీద తడి ఆవిరవుతా దాన్ని చల్లబరుస్తుంది, అందుకని సున్నా గీత దాటి కిందికొచ్చినా వడగండ్లు తొందరగా కరగవు. కాకపోతే వడగండ్లు తయారవ్వాలంటే మేఘంలో పైకి తోసే గాలి బలంగా ఉండాలి, దాన్ని ఫ్రీజింగ్ లెవెల్ చెప్పదు, కాబట్టి ఆ సాయంత్రం రాడార్‌లో మేఘం 5 కిలోమీటర్లు దాటి ఇంకెంత పైకి పోయిందో చూడండి, 12, 14 కిలోమీటర్లకి ఎక్కేసి మీ వైపే వస్తా ఉంటే చెట్ల కింద ఉండకుండా, కోసిన కాయలు షెడ్డులోకి ఎత్తించేసి మీరూ లోపలికి పోండి.