జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీకి మంచి మెటీరియల్ ఫ్రీగా ఎక్కడ దొరుకుతుంది, ఎలా వాడుకోవాలి

డిగ్రీ బయోటెక్ వాళ్ళూ, సీఎస్ఐఆర్ నెట్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళూ అడిగేది ఎప్పుడూ ఒకటే, ఏ బుక్ చదవాలి అని. బుక్ సంగతి తర్వాత. జెనెటిక్స్, మాలిక్యులర్ బయాలజీ ఒకే పేపర్‌లో పెట్టేస్తారు కాబట్టి మనం రెండూ ఒకేలా చదివేస్తుంటాం, అక్కడే తేడా కొడుతుంది. జెనెటిక్స్ లెక్కలు చేస్తే తప్ప రాదు, థియరీ పదిసార్లు చదివినా మూడు జీన్ల క్రాస్ ఇస్తే పెన్ను కదలదు. మాలిక్యులర్ బయాలజీ అలా కాదు, ఈ విషయం ఇలా ఉందని అసలు ఎలా కనిపెట్టారు అని ప్రయోగం వెంట పడితేనే బుర్రలో నిలుస్తుంది. అందుకే రెండింటికీ వెతకాల్సిన చోట్లు వేరు.

ముందు జెనెటిక్స్. ఎమ్ఐటీ ఓపెన్ కోర్స్‌వేర్ సైట్‌లో 7.03 అని కోర్సు ఉంటుంది, పేరు జెనెటిక్స్, 2004 నాటిది, అయినా పాతదని వదిలేయకండి, అందులో ప్రాబ్లమ్ సెట్లు, ఎగ్జామ్ పేపర్లు సమాధానాలతో సహా ఉన్నాయి, అన్నీ ఫ్రీ. లెక్క కాగితం మీద చేసి, ఏదో ఒక ఆన్సర్ వచ్చాకే కీ తెరవండి, కీ పక్కన పెట్టుకుని చదివితే అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, అదే పెద్ద మోసం. ఆ మూడు జీన్ల క్రాస్‌లో, అంటే త్రీ పాయింట్ క్రాస్‌లో, అందరూ తడబడేది మధ్యలో ఏ జీన్ ఉందో తేల్చే దగ్గర. అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన రెండు క్లాసులు పేరెంటల్, అన్నిటికన్నా తక్కువ వచ్చినవి డబుల్ క్రాసోవర్, రెండూ పక్కపక్కన రాసి చూడండి, ఏ ఒక్కటి అటూ ఇటూ మారిందో అదే మధ్య జీన్. ఇది పట్టుబడ్డాక స్టర్టివాంట్ 1913 పేపర్ తీయండి, డ్రోసోఫిలాలో సెక్స్ లింక్డ్ ఫ్యాక్టర్లు ఆరింటితో వేసిన మొదటి లింకేజ్ మ్యాప్ (క్రోమోజోమ్ మీద జీన్ల వరస, దూరాలు చూపే పటం) అది. నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. వందేళ్ళు దాటిన పేపరే గానీ మన క్లాస్ నోట్స్ కన్నా తేలిగ్గా అర్థమవుతుంది, నిజంగా.

బుక్స్ అంటారా, ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్‌లో పాత ఎడిషన్లు లీగల్‌గానే ఉన్నాయి, సెల్, మాలిక్యులర్ బయాలజీకి ఆల్బర్ట్స్ నాలుగో ఎడిషన్, జెనెటిక్స్‌కి గ్రిఫిత్స్ ఏడో ఎడిషన్. ఇవి మొదటి పేజీ నుంచి వరసగా తిప్పుకుంటూ చదవడానికి కుదరదు, ఆ బుక్ లోపలే సెర్చ్ బాక్స్‌లో టాపిక్ కొట్టి వెళ్ళాలి, చాలామంది ఇది తెలీక ఓపెన్ అవట్లేదని వెనక్కి వచ్చేస్తారు. లాక్ ఆపెరాన్, లింకేజ్, మయోసిస్ లాంటివాటికి పాత ఎడిషన్ చాలు. జీన్ ఎడిటింగ్ పద్ధతి క్రిస్పర్‌కి మాత్రం పనికిరాదు, అందులో వాడే క్యాస్9 ఎంజైమ్‌తో డీఎన్ఏని కోరుకున్న చోట కత్తిరించవచ్చని చూపించిన పేపర్ వచ్చిందే 2012లో. ఆల్బర్ట్స్ అది 2002 ఎడిషన్, గ్రిఫిత్స్ ఇంకా ముందుది, 2000. అంటే గ్రిఫిత్స్ హ్యూమన్ జీనోమ్ డ్రాఫ్ట్ పేపర్లు వచ్చిన 2001 కన్నా ముందే, ఆల్బర్ట్స్ ఆ మరుసటి ఏడే, కాబట్టి మనిషిలో జీన్లెన్ని లాంటి అంకెలు వీటిలోంచి తీసుకోవద్దు, ప్రొటీన్ తయారుచేసేవి 20 వేల దరిదాపుల్లో అని ఇప్పటి లెక్క.

మాలిక్యులర్ బయాలజీకి ఐబయాలజీ, హెచ్‌హెచ్‌ఎమ్‌ఐ బయోఇంటరాక్టివ్ ఈ రెండు ఫ్రీ సైట్లూ చాలు మొదట్లో. మెసెల్సన్, స్టాల్ 1958 ప్రయోగం ఉంది కదా, బరువైన నైట్రోజన్‌లో బ్యాక్టీరియా పెంచి తర్వాత మామూలు నైట్రోజన్‌లోకి మార్చింది, దాని గురించి వాళ్ళిద్దరే కూర్చుని మాట్లాడిన వీడియో ఐబయాలజీలో ఉంది. అది చూసి, మొదటి తరం తర్వాత డీఎన్ఏ బ్యాండ్ ఒక్కటే, బరువుకీ తేలికకీ మధ్యలో వచ్చిందంటే ఏ మోడల్ ఎగిరిపోయింది, రెండో తరం దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది, ఇది మీ మాటల్లో ఒక పేరా రాయండి. రాయలేకపోతే రెప్లికేషన్ చాప్టర్ ఇంకా రానట్టే.

మన దగ్గరవాటిలో ఐఐటీల ఫ్రీ లెక్చర్ల సైట్ ఎన్‌పీటీఎల్ బాగుంటుంది, కానీ కోర్సుని బట్టి, కొంతమంది స్లైడ్ చదివేసి వెళ్ళిపోతారు, రెండు లెక్చర్లు చూసి నచ్చకపోతే మొహమాటపడకుండా మార్చేయండి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళు ఇంటర్ తెలుగు అకాడమీ బోటనీ, జువాలజీ పుస్తకాల్లో ఆ చాప్టర్లు ఒకసారి తిరగేసి ఇంగ్లిష్‌లోకి వెళ్తే చాలా తేలికవుతుంది, అందులో నామోషీ ఏం లేదు.

పేపర్లు డబ్బులడుగుతుంటే ముందు ఫ్రీ పేపర్ల సైట్ పబ్‌మెడ్ సెంట్రల్ చూడండి. మీది గవర్నమెంట్ కాలేజో యూనివర్సిటీయో అయితే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 2025 నుంచి నడుస్తోంది, 30 మంది పబ్లిషర్ల దాదాపు 13 వేల జర్నల్స్ దాని కిందకి వస్తాయి, లాగిన్ ఎలాగో లైబ్రేరియన్ గారిని అడగండి, అడిగేదాకా చాలాచోట్ల ఎవరూ చెప్పరు.

ఇవన్నీ బుక్‌మార్క్ చేసి పెట్టుకుంటే ఒరిగేదేం లేదు, ఒక్క జీన్ పట్టుకుని చివరిదాకా వెళ్ళండి. నేనైతే హెచ్‌బీబీ అంటాను, బీటా గ్లోబిన్, 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, ఏజెన్సీ గ్రామాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు ఈ జీన్‌దే. ఎన్‌సీబీఐ జీన్ పేజీలో హెచ్‌బీబీ, హ్యూమన్ అని కొట్టి ఎమ్ఆర్ఎన్ఏ సీక్వెన్స్ తెరిచి, కోడింగ్ భాగం ఏటీజీ నుంచి మూడేసి అక్షరాలు లెక్కపెట్టండి. ఏడోది జీఏజీ, గ్లుటామిక్ యాసిడ్. సికిల్‌లో అది జీటీజీ అవుతుంది, వాలీన్. బుక్‌లో ఆరో స్థానం అని ఉందేంటి అంటారేమో, ఏటీజీ ఇచ్చే మొదటి మెథియోనిన్ ప్రొటీన్‌లోంచి తెగిపోతుంది, పాత పద్ధతిలో దాన్ని లెక్కలోకి తీసుకోరు, కొత్త పద్ధతిలో తీసుకుంటారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల సీక్వెన్స్ ఎన్‌ఈబీకట్టర్ అనే ఫ్రీ సైట్‌లో వేసి డీఎన్ఏని కోసే డీడీఈ1 ఎంజైమ్ ఎక్కడ కోస్తుందో చూడండి, తర్వాత మీరే ఆ జీఏజీలోని ‘ఏ’ తీసేసి ‘టీ’ పెట్టి మళ్ళీ వేయండి, అక్కడి కట్ మాయమవుతుంది. ఆర్ఎఫ్ఎల్‌పీతో (ఎంజైమ్ కోసే చోట్లలో తేడాని బట్టి) సికిల్ పట్టుకోవడం అంటే ఇదే, ల్యాబ్ లేకుండానే వచ్చేసింది.

అక్కడి నుంచి జీన్లు, వాటి జబ్బుల వివరాలుండే ఓఎమ్ఐఎమ్ సైట్‌లో అదే జీన్ పేజీ చదవండి, ఆ తర్వాత 2023లో పర్మిషన్ వచ్చిన క్రిస్పర్ మందు క్యాస్‌జెవీ గురించి చూడండి, అది హెచ్‌బీబీని అసలు ముట్టుకోదు, బీసీఎల్11ఏ అనే ఇంకో జీన్ పనిని పెంచే డీఎన్ఏ ముక్కని (ఎన్‌హాన్సర్‌ని) కత్తిరించి కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్‌ని మళ్ళీ తెప్పిస్తుంది. ఎందుకలా అని వెతికితే జీన్ రెగ్యులేషన్ చాప్టర్ మొత్తం దాని వెనకే వస్తుంది. ఇదయ్యాక జీ6పీడీ జీన్ తీసుకోండి, అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది కాబట్టి పెడిగ్రీ లెక్కలు కూడా దాంతోనే ప్రాక్టీస్ అయిపోతాయి.