తెలుగువాళ్లకు ఒడియా నేర్పుతున్నారా? తెలిసిన మాటల్ని గుర్తుపట్టించడం ఎలా?

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో పిల్లలకో, ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చిన కొత్త కోడలికో ఒడియా నేర్పమంటే చాలామంది చేసే మొదటి పని ఒకటే. వంద మాటల పట్టీ ఇచ్చి బట్టీ పట్టమంటారు. అందులో చాలా మాటలు వాళ్లకు ముందే వచ్చు. వచ్చని వాళ్లకు తెలియదు, అంతే.

ఒక నోటుబుక్కు, ఆకుపచ్చ పెన్ను, ఎర్ర పెన్ను, ఒక ఒడియా పేపరు చాలు. పేపరంటే ‘సమాజ’ తీసుకోండి. గోపబంధు దాస్ 1919లో పెట్టిన పత్రిక, పేరే మొదటి పాఠం. ఫోన్‌లో యాప్‌లు వద్దు.

లిపి తరవాత. ముందు మీరు వార్త పైకి చదవండి. తెలిసిన మాట చెవిన పడగానే వాళ్లు చెయ్యెత్తాలి. నదీ, గ్రామ, పుస్తక లాంటివి వెంటనే పట్టేస్తారు. వాటిని ఆకుపచ్చతో రాయించండి.

తరవాత శబ్దాల మార్పు చెప్పండి. మన మాట చివరి సున్నా తీసేయాలి. వ వస్తే బ, మాట మొదట్లో య వస్తే జ, శ, ష రెండూ స, క్ష అయితే ఖ్య. వివాహం బిబాహ అవుతుంది, యుద్ధం జుద్ధ, పరీక్ష పరీఖ్యా. అకారాన్ని కాస్త ఒకారం వైపు పలుకుతారు. ఒక పూట సరిపోతుంది.

హిందీ మీదుగా నేర్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హిందీలో జల్ అని చివరి అచ్చు మింగేస్తారు, ళ అసలు ఉండదు. ఒడియాలో అది జళ. ళ ఉంది, చివరి అచ్చూ ఉంది. తెలుగు నుంచి నేరుగా అడుగు దూరంలో ఉన్నదానికి ఆ చుట్టుదారి ఎందుకు?

అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది. చూడటానికి మన మాటే, అర్థం మాత్రం వేరు. ‘మా నాన్న బ్యబసాయ చేస్తారు’ అని మన పిల్లాడు ఒడియాలో గర్వంగా చెబితే, అవతలివాళ్లు బజారులో ఏ కొట్టు అని అడుగుతారు. అక్కడ అది వ్యాపారం. సేద్యానికి ‘చాస’ అనాలి: మో బాపా చాస కరన్తి. మాస్టారు ‘చేష్టా కర’ అంటే ప్రయత్నించమని. మనవాడేమో తానేం వెధవ చేష్ట చేశానా అని బిక్కమొహం వేస్తాడు. సిఖ్యా అంటే చదువు, దండన కాదు. ఉపన్యాస అంటే నవల. రాగ అంటే కోపం. చరిత్ర అంటే నడవడిక, మన చరిత్రను వాళ్లు ఇతిహాస అంటారు. బర్సా వానే, దీర్ఘం పోయి బర్స అయిందా, సంవత్సరం.

వీటిని మొదటి రోజే పట్టీగా ఇవ్వకండి. ఇస్తే పిల్లలు ప్రతి మాటనూ అనుమానిస్తారు, ఆకుపచ్చ మాటల మీద కూడా నమ్మకం పోతుంది. కనీసం వారం పాటు మంచి మాటలే విననివ్వండి. ఆ తరవాత పూటకు రెండు, అంతకు మించి వద్దు.

మాటను ఒంటరిగా ఎప్పుడూ చూపకండి. వాక్యంలోనే వినిపించాలి. ‘రాగ కరనాహిఁ’ అనండి, అర్థం వాళ్లనే ఊహించనివ్వండి. ‘పాడొద్దు’ అంటే నవ్వకండి, తప్పని వెంటనే చెప్పకండి కూడా. అలిగి కూర్చున్న తమ్ముణ్ని చూపించి మళ్లీ అదే వాక్యం అనండి. పొసగలేదని వాళ్లకే తట్టాలి. అప్పుడే ఎర్ర పెన్ను, అదీ వాళ్ల చేతే, వాక్యంతో సహా. మీరు ముందే చెప్పేస్తే ఆ మాట రెండు రోజులు కూడా నిలవదు. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ, చెడేది కూడా ఇక్కడే.

మిగిలింది తేలిక. లిపి మొదలుపెట్టి, బజారులో బోర్డులు చదివించండి. దోకాన, కాగజ లాంటివి కనిపిస్తే దుకాణం, కాగితం తామే అందుకుంటారు. ఖాఇబా (తినడం), జిబా (వెళ్లడం) లాంటి రోజువారీ క్రియల్లో మాత్రం పోలిక వెతకనివ్వకండి. వాటికి వేరే నోటుబుక్కు పెట్టి, మామూలుగా కంఠస్థం చేయించాల్సిందే.