పుస్తకాల బీరువా బిగించే ముందు జాగ్రత్తలు

జూన్‌లో బడులు, వానలు ఒకేసారి మొదలవుతాయి. విడిభాగాలుగా వచ్చే చవక బీరువా కొన్నవాళ్లు ఇవి చూసుకోండి.

• గోడకు బిగించకుండా ఒక్క రోజు కూడా ఉంచొద్దు. పిల్లలు అరలు పట్టుకుని ఎక్కితే మీద పడుతుంది, ప్రాణానికే ముప్పు. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడిగైనా గోడకు రంధ్రం వేయించండి.

• అర ఎంత బరువు మోస్తుందో చూడండి. ఐకియా కంపెనీ పుస్తకాల బీరువా ‘బిల్లీ’ 80 సెం.మీ. వెడల్పు మోడల్‌లో అరకు 30 కిలోలే. డిక్షనరీలు, గైడ్లు అడుగున పెట్టండి. ఇలాంటి అరలకు వాడే పార్టికల్ బోర్డు (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) ఒకసారి వంగితే మళ్లీ తిన్నగా అవదు.

• వెనక పల్చటి షీటుకు మేకులన్నీ కొట్టండి. అది లేకపోతే బీరువా పక్కకు ఒరుగుతుంది.

• చెమ్మ గోడకు ఆనించొద్దు. అంచులు తడి పీల్చి ఉబ్బుతాయి.

• స్క్రూలు డ్రిల్ మిషన్‌తో కాకుండా చేతి స్క్రూడ్రైవర్‌తోనే బిగించండి. రంధ్రం అరిగితే పట్టు పోతుంది.