బోడికొండల్లో జంతువుల్ని వెతకడం ఎలా: గుంటూరు నుంచి లడఖ్ వెళ్లేవాళ్ల కోసం

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలోంచి (మిర్చి బస్తా) గుప్పెడు కాయ బయటికి తీస్తే చాలు, ఇది తేజ రకం, ఇది 334 రకం, ఇందులో రంగు పోయిన తాలు కాయ ఇంత అని మావాళ్లు ఇట్టే చెప్పేస్తారు. అదే మనిషిని లడఖ్‌లో ఓ కొండ ఎదురుగా కూర్చోబెడితే పావుగంటకే "బోడికొండ, ఏముంది ఇందులో, పద పోదాం" అంటాడు. ఉంటాయండీ, చాలానే ఉంటాయి. చూపుకి అలవాటు కావాలి. ఆ అలవాటు విమానం టికెట్టు కొనకముందే ఇక్కడ చేసుకోవచ్చు.

ముందు మీకు ఏది చూడాలనుందో తేల్చుకోండి, తేదీలు దాన్ని బట్టే. మంచు చిరుత కావాలంటే జనవరి చివర్నుంచి మార్చి దాకా. పైన మంచు పేరుకుని భరల్ అనే నీలి గొర్రెలు కిందికి దిగుతాయి, వాటి వెనకే చిరుతా దిగుతుంది. చిరుతలు జతకట్టే కాలమూ అదే కాబట్టి ఎక్కువ తిరుగుతాయి. 2024 జనవరిలో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 718 మంచు చిరుతలుంటే, అందులో 477 లడఖ్‌లోనే. మా వ్యాపారంలో వాళ్లకి చిక్కేమిటంటే, యార్డుకి సరుకు పోటెత్తేదీ ఫిబ్రవరి, మార్చిలోనే. ఆ రోజుల్లో షావుకారుని సెలవు అడగడానికి చిరుతకి ఎదురెళ్లేంత ధైర్యం కావాలి. యార్డు వేసవి సెలవుల్లో వెళ్తే చిరుత మీద ఆశ వదులుకోండి. అప్పుడు పెద్ద ఉడుతల్లాంటి మార్మట్లు, కియాంగ్ అనే అడవి గాడిదలు, నల్లమెడ కొంగలు కనబడతాయి. అన్నీ ఒకే ట్రిప్పులో చూపిస్తామని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే కొనకండి.

సాధనకి కొండవీడు మంచి చోటు. విజయవాడ వాళ్లకి కొండపల్లి అడవి ఉంది. ఎండాకాలం, గడ్డి ఎండిపోయాక, పొద్దున్నే వెళ్లండి. 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించే) బైనాక్యులర్ చాలు, అంతకంటే పెద్దది చేతిలో వణుకుతుంది. ఎదురుగా కొండ వాలు కనబడేలా కూర్చుని, మోచేతులు మోకాళ్లకి ఆనించండి. కొండ అంచు గీత దగ్గర మొదలుపెట్టి ఎడమ నుంచి కుడికి, కొంచెం కిందికి దిగి మళ్లీ కుడి నుంచి ఎడమకి రండి. బైనాక్యులర్‌ని గిరగిరా తిప్పకుండా ఒక చోట ఆపి, ఆ వలయంలో ఉన్న ప్రతి రాయీ చూసి, అప్పుడు జరపండి. కింద దాకా వచ్చాక మళ్లీ పైనుంచి మొదలు. ఇందాక రాయి వెనకున్న కౌజు పిట్ట ఈసారి ముందుకొచ్చి ఉంటుంది. బండ మీద తలెత్తిన తొండని దూరం నుంచి పట్టగలిగితే మీ కళ్లు సిద్ధమైనట్టే.

ఇక అక్కడి కొండ సంగతి. విమానం దిగే లే పట్టణంలో ఏడాది మొత్తం కలిపి పడేది దాదాపు 100 మిల్లీమీటర్లు. తుఫాను పడితే మనకి ఒక్క రోజులో కురిసే వాన అది. కాబట్టి పచ్చదనమంతా మంచు కరిగి పారే వాగు వెంటే: విల్లో, పాప్లర్ చెట్లు, నారింజ రంగు పళ్ల సీబక్‌థార్న్ ముళ్లపొదలు. దాటి పైకెళ్తే ఏమీ లేనట్టుంటుంది గానీ, వంగి చూడండి. నేలకి అంటుకుని ఉండే బూడిదరంగు తుప్ప ఆకు ఒకటి తుంచి నలిపితే వినాయక చవితి పూజలో మాచిపత్రి వాసన వస్తుంది, రెండూ ఒకే జాతివి. కింది లోయల్లో రాళ్ల మీద పాకే ముళ్లతీగ మన ఆదొండకి దగ్గరి చుట్టం. దాని లేతాకుని అక్కడివాళ్లు కూర వండుకుంటారు. ఇంకా ఎత్తున, 5,000 మీటర్లు దాటాక, పచ్చని గుండ్రాయిలా కనిపించేది నిజానికి మొక్క. వేలకొద్దీ చిన్న కొమ్మలు దగ్గరదగ్గరగా ముడుచుకుని గాలిని లోపలికి రానివ్వవు, లోపల వేడి నిలుస్తుంది. చాలా నెమ్మదిగా పెరుగుతుంది. దాని మీద కూర్చోకండి.

భరల్ రంగు అక్కడి పలకరాయి రంగే. అలికిడి వినగానే పరిగెత్తదు, కదలకుండా నిలబడిపోతుంది. అందుకే జంతువు మొత్తాన్ని వెతికితే దొరకదు. పొట్ట పక్కన తెలుపునీ బూడిదరంగునీ విడదీసే నల్లటి గీత కోసం వెతకండి. ఒకటి దొరికితే చుట్టూ పది ఉంటాయి. నిటారు గుట్టలకి దగ్గర్లోనే మేస్తుంటాయి, ప్రమాదం వస్తే గుట్టెక్కేస్తాయి. గడ్డం, కత్తిలా వంగి అడ్డంగా కణుపులున్న కొమ్ములు కనబడితే అది ఐబెక్స్ అనే అడవి మేక. మందంతా మేత ఆపి ఒకే వైపు చూస్తోందనుకోండి, మీరూ బైనాక్యులర్ అటే తిప్పండి. కాకి జాతికి చెందిన మాగ్‌పై పిట్టలు, బొంతకాకులు, గడ్డం రాబందులు ఒకచోట మూగినా అంతే, దగ్గర్లో వేట పడి ఉండవచ్చు.

చిరుత నడిచేది కొండ అంచుల మీద, నిటారు గుట్టల అడుగున. దారిలో వెనక కాళ్లతో గీకిన చిన్న గుంట, దాని చివర పోగైన మట్టి కనబడితే అది దాని గుర్తు. ముందుకు వాలిన బండల అడుగున మూత్రం చిమ్ముతుంది. కొత్తదైతే ఘాటుగా వాసన కొడుతుంది. తెల్లవారుజాము, సాయంత్రం కూర్చోండి, వెంటపడకండి. ఒంటి మచ్చల్ని వెతక్కుండా బండ మీంచి వేలాడే తోక వెతకండి, దాదాపు ఒంటి పొడవుంటుంది.

రుంబక్, ఉలే ఊళ్లలో ఇళ్లలోనే బస ఇస్తారు. ఊరివాడిని ఒకణ్ని స్పాటర్‌గా (జంతువుల్ని వెతికి చూపించేవాడు) పెట్టుకోండి, ఆ డబ్బు దగ్గర బేరం వద్దు. చిరుత దొడ్లో దూరిందంటే ఒక్క రాత్రిలో చాలా గొర్రెల్ని చంపుతుంది. అయినా ఊరు దాన్ని భరిస్తోందంటే మీలాంటివాళ్లు ఇచ్చే డబ్బు కూడా ఒక కారణం. దొడ్ల పైన ఇనుప వల ఎందుకు పరిచారో చూస్తే అర్థమవుతుంది.

గుంటూరు సముద్ర మట్టానికి 30 మీటర్ల ఎత్తు, లే 3,500. విమానం దిగాక ఒళ్లు ఆ ఎత్తుకి అలవాటుపడేదాకా, కనీసం రెండు రోజులు గదిలో పడుకోండి, మేడ మెట్లు కూడా అనవసరంగా ఎక్కకండి. ఎత్తు పడకపోతే వేసుకునే మాత్రల సంగతి బయల్దేరేముందే డాక్టర్ని అడగండి. తలనొప్పితో పాటు వాంతులు పట్టుకుంటే కిందికి దిగాల్సిందే, పౌరుషం పనికిరాదు. చలికాలం రాత్రి మైనస్ 20 దాకా పోతుంది. కెమెరా బ్యాటరీలు చొక్కా లోపల జేబులో పెట్టుకోండి. గోంగూర పచ్చడి సీసాలో నూనె గడ్డకడుతుంది. పొయ్యి పక్కన పెడితే సరి.

వేసవిలో వెళ్లేవాళ్లకి ఒక్క మాట. ప్యాంగాంగ్ సరస్సు దారిలో మార్మట్లు బొరియ దగ్గర నిలబడి ఈల వేస్తాయి, బండ్లు ఆపి జనం బిస్కెట్లు పెడుతుంటారు. అది చలికాలమంతా తిండి లేకుండా నిద్రపోయే జంతువు. గడ్డీ మొక్కలూ తిని కొవ్వు పట్టాలి గానీ మైదాతో కాదు. కియాంగ్ మంద పక్కన పరిగెత్తితే కారు వేగం పెంచమనకండి, ఆపమనండి. త్సో కార్ సరస్సు దగ్గర నల్లమెడ కొంగలు తడి నేల మీదే గూడు పెడతాయి. మనిషి దగ్గరికెళ్తే అవి లేచిపోతాయి, అప్పుడు వీధికుక్కలు గుడ్లు తినేస్తాయి. రోడ్డు మీంచే చూడండి.