మన పరుపు మనమే ఎంచుకుందాం – 3వ పాఠం: గదిలో ఎంత చోటు మిగలాలి?

కిందటి పాఠంలో మంచం లోపలి కొలత తీశాం కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈసారి గది కొలుద్దాం.

కొట్లో కింగ్, క్వీన్ అంటారు. పేర్లు వదిలేసి అంగుళాలు అడగండి. మన దగ్గర మామూలుగా కింగ్ వెడల్పు 72 అంగుళాలు, క్వీన్ 60, సింగిల్ 36. పొడవులో 72, 75, 78 దొరుకుతాయి. ఇంట్లో అందరికంటే పొడుగైన మనిషి ఎత్తుకు ఓ ఆరంగుళాలు కలుపుకుని పొడవు తేల్చుకోండి.

ఇక అసలు లెక్క. అమలాపురంలోనో పాలకొల్లులోనో ఒక డాబా ఇల్లు, పదడుగులకు పదడుగుల గది అనుకుందాం. గోడ నుంచి గోడకు 120 అంగుళాలు. వానాకాలం మన గోడలు చెమ్మపడతాయి కాబట్టి మంచాన్ని గోడకు ఆనించకుండా 6 అంగుళాలు వదలాలి. ఎదురు గోడకు ఇనప బీరువా, లోతు సుమారు 19. క్వీన్ పరుపు, మంచం పట్టెలతో కలిపి 64. ఇవన్నీ తీసేస్తే 31 అంగుళాలు మిగులుతాయి. బీరువా తెరిచి, ఎదురుగా నిలబడి బట్టలు సర్దుకోవచ్చు. అదే కింగ్ వేస్తే మిగిలేది 19. బీరువా తలుపే 18 ఉంటుంది. తెరుచుకుంటుంది గానీ ముందు నిలబడే చోటుండదు. చీర కావాలంటే మంచమెక్కి తీసుకోవాల్సిందే.

“సంక్రాంతికి కూతురూ అల్లుడూ పిల్లలతో దిగుతారండీ, పెద్దదే ఉండాలి” అంటారు చాలామంది. ఆ నాలుగు రోజుల కోసం ఏడాదంతా ఇరుకులో తిరగడం నాకు నచ్చదు. సింగిల్ మంచాలు, 36 అంగుళాల పరుపులు రెండేసి తీసుకోండి. పక్కపక్కన చేరిస్తే కింగ్ అంత వెడల్పు వస్తుంది, పండగయ్యాక ఒకటి పక్క గదిలోకి జరపొచ్చు. పైగా కొబ్బరి పీచు పరుపైనా, బూరుగు దూది పరుపైనా వానలు వెనకబట్టాక ఎండలో వెయ్యాలి. సింగిల్ అయితే ఇద్దరు పట్టుకుని మెట్లెక్కించేస్తారు. కింగ్ పరుపు ఇరుకు మెట్ల మలుపు దగ్గరే ఆగిపోతుంది.

ఈ వారం పని: మంచం బయటి కొలతతో గదిలో నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. గీత తొక్కకుండా బీరువా రెండు తలుపులూ తెరవండి, కిటికీ వేసి రండి, గది తలుపు పూర్తిగా తీయండి. ఎక్కడ కాలు గీత మీద పడినా పరుపు వెడల్పు తగ్గించాలి. నిలిచిన కొలతను కాగితం మీద రాసి ఉంచండి. వచ్చే పాఠంలో పరుపు మందం చూద్దాం, అప్పుడు ఇది కావాలి.