'రెయిన్ చెక్' అంటే బియ్యం నానబెట్టకండి

అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లీష్ నోట్సులో 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' (కుండపోత వాన) బట్టీపట్టి అమెరికాకో బ్రిటన్‌కో విమానం ఎక్కేవాళ్లే ఎక్కువ. అక్కడి ఆఫీసుల్లో ఆ మాట వినపడటమే అరుదు. బోల్తా కొట్టించేవి మామూలు మాటల్లా కనిపించే నుడికారాలే.

శనివారం మీరు బిర్యానీకి పిలిచారు. అమెరికన్ సహోద్యోగి 'కెన్ ఐ టేక్ ఎ రెయిన్ చెక్?' అన్నాడు. ఈసారికి రాలేను, మరోసారి చూద్దాం అని దాని అర్థం. వాన వల్ల బేస్‌బాల్ మ్యాచ్ ఆగిపోతే ఇంకో రోజు చూడటానికి పనికొచ్చే టికెట్టును అలా అనేవారు. వేరే తేదీ తనే చెబితే వచ్చే ఉద్దేశం ఉన్నట్టు. చెప్పకపోతే మన 'చూద్దాంలే' లాంటిదే.

మేనేజరు 'బాల్‌పార్క్ ఫిగర్' అడిగితే ఉజ్జాయింపు లెక్క చాలు. 'మూడు నాలుగు వారాలు' అనండి, పూటంతా ఎక్సెల్ ముందు కూర్చోవద్దు. మెయిల్లో మాత్రం 'రఫ్ ఎస్టిమేట్' అని తప్పకుండా రాయండి. లేదంటే రేపు అదే మీ గడువై కూర్చుంటుంది.

'టేబుల్ చేద్దాం' మరీ ప్రమాదం. అమెరికాలో పక్కన పెడదామని, బ్రిటన్‌లో ఇప్పుడే చర్చకు తీసుకుందామని. రెండు దేశాలవాళ్లూ ఉన్న కాల్‌లో 'నౌ ఆర్ లేటర్?' అని అడిగేయండి. బ్రిటన్‌లోనే 'హాఫ్ సెవెన్' అంటే ఏడున్నర. 'యూ ఆల్‌రైట్?' వట్టి పలకరింపు, జెట్‌లాగ్ కష్టాలు ఏకరువు పెట్టనక్కర్లేదు. ఫోన్‌లో 'ఐ విల్ లెట్ యూ గో' అన్నారంటే పెట్టేయాలనుకుంటున్నది వాళ్లే.

మన ఇంగ్లీషూ వాళ్లకు అంతే. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021' అంటే ఆ ఏడాది స్పృహ తప్పారనుకుంటారు, 'గ్రాడ్యుయేటెడ్' అనండి. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే నమ్మడం లేదేమో అనిపిస్తుంది, 'క్వశ్చన్' చాలు.

విన్న మాట ఫోన్‌లో రాసుకోండి: మాట, ఎవరు ఎవరితో అన్నారు, తర్వాత ఏం జరిగింది. అసలు అర్థం దొరికేది ఆ చివరిదాంట్లోనే. ముగ్గురి నోట విన్నాకే మీరు వాడండి, అదీ ముందు మాటల్లో, తర్వాతే మెయిల్లో. ఒక్క ముక్క కూడా మార్చకూడదు. అందరిదీ ఒకే మాట అని చెప్పే 'ఆన్ ది సేమ్ పేజ్'ను 'ఇన్ ది సేమ్ పేజ్' అంటే, గోడ మీద పిల్లిని గోడ కింద పిల్లి అన్నట్టే ఉంటుంది.

అర్థం కాకపోతే 'వాట్ డూ యూ మీన్?' అనకండి, గొంతును బట్టి నిలదీసినట్టు వినిపిస్తుంది. 'దట్స్ ఎ న్యూ వన్ ఫర్ మీ' (ఈ మాట నాకు కొత్త) అనండి, చాలామంది నవ్వి విడమరిచి చెబుతారు.