ఇన్వర్టర్ ఫుల్ చూపించి అయిదు నిమిషాలకే ఆగిపోతోందా? బ్యాటరీ మార్చకండి, ఆగండి

సమస్య: కరెంటు ఉన్నంతసేపు ఫుల్ ఛార్జ్. గాలికి లైను తెగాక రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు, టీవీ వేస్తే బీప్ బీప్‌మని ఇన్వర్టర్ పడుకుంటుంది. 1996 నవంబరు 6 తుపాను చూసిన కోనసీమ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు, కరెంటు ఒక్క రాత్రితో రాదు.

ముందుగా బ్యాటరీలో నీళ్లు చూశారా? ఎవరూ చూడరు. గీత కిందికి దిగితే డిస్టిల్డ్ వాటర్ పోయండి. బోరు నీళ్లు కాదు, యాసిడ్ అసలే కాదు. ఫ్రిజ్‌ని ఎవరైనా ఇన్వర్టర్ లైనుకు కలిపారేమో కూడా చూడండి.

అవి బాగుంటే దొంగ వేరే ఉన్నాడు: లగ్, అంటే బ్యాటరీ వైరు చివర బిగించే లోహపు కొస. మలికిపురంలో ఒకాయనకు కొత్త బ్యాటరీ వేయించాను. రెండు నెలలకు, "ఏమండీ, మళ్లీ అదే గోల" అని ఫోన్. పైకి బిగింపు గట్టిగానే ఉంది. తొడుగు చీరి చూస్తే లోపల రాగి పోగులు నల్లబడి, పచ్చటి పొడి రాలింది. ఉప్పుగాలి, యాసిడ్ ఆవిరి కలిసి తినేశాయి. పాత వైరునే కొత్త బ్యాటరీకి తగిలించింది నేనే!

ఛార్జింగ్ చివర్లో కరెంటు కొద్దిగానే పారుతుంది కాబట్టి తప్పు కనపడదు. లోడ్ పడితే 25 ఆంపియర్లు లాగాలి. తుప్పు దగ్గరే ఒకటిన్నర వోల్టు పోతుంది. బ్యాటరీలో దమ్మున్నా, ఇన్వర్టర్ అది ఖాళీ అనుకుని ఆగిపోతుంది.

పరీక్ష: మెయిన్ ఆపి లోడ్ వేయండి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ సీసపు ముడి (టెర్మినల్) మీద, ఇంకోటి లగ్ వెనక రాగి మీద పెట్టండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. మీటరు లేకపోతే చేయి దగ్గరగా పెట్టండి, వేడి తెలుస్తుంది.

పరిష్కారం: ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ పీకి, చేతి ఉంగరాలు తీసి, ముందు నల్ల వైరు, తర్వాత ఎర్ర వైరు విప్పండి. వంటసోడా నీళ్లతో ముడులు తుడవండి, మూతల్లోకి పోనివ్వకండి. నల్లబడ్డ వైరు కోసి కొత్త లగ్ కొట్టించండి. ముందు ఎర్రది బిగించి, చివర్లో నల్లది. పైన వాజెలిన్ పూయండి.

ఇన్వర్టర్ లోపలి బోర్డు కాలడం అరుదు, అది మెకానిక్ పని. బ్యాటరీకి అయిదేళ్లు దాటితే దాని ఆయువే తీరి ఉంటుంది.

లంకల్లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులతో మొదటి హెచ్చరిక ఇస్తే, వైర్లు విప్పి బ్యాటరీని బల్ల ఎక్కించండి. ఇద్దరు పట్టాలి, నడుము జాగ్రత్త.